బరువు దిగాక మిగిలిన కష్టం

బరువు తగ్గిన మనిషిని లోకం మెచ్చుకుంటుంది. పెళ్ళిళ్ళలో, పేరంటాలలో పదిమంది చుట్టూ చేరి "ఎంత సన్నబడ్డావమ్మా, గుర్తు పట్టలేకపోయాము" అంటారు. ఆ ఇల్లాలు చిన్నగా నవ్వి, కొంగును భుజం చుట్టూ మరికాస్త దగ్గరకు లాక్కుంటుంది. ఎందుకలా లాక్కున్నదో ఎవరూ అడగరు. ఆమె చెప్పదు.

ఆమె చెప్పని ఆ సంగతినే ఈ నెల మేము రాయదలచాము. దేహం బాగా బరువెక్కి తరువాత బాగా తగ్గినప్పుడు స్తనాలు జారిపోయి, చర్మం ఖాళీసంచిలాగా వేలాడడం, దానిని సరిచేసే శస్త్రచికిత్స — ఇదీ విషయం. మన పత్రిక ఇంటిల్లిపాదీ చదివేది కదా, ఇటువంటివి అచ్చువేయవచ్చునా అని ఒకరిద్దరు పెద్దలు సందేహించారు. ఇంటిల్లిపాదీ చదవాలనే అచ్చువేస్తున్నాము. ఈ సంగతి ఆడవారు గుసగుసలాడుకుని, మగవారు విననట్టు నటించి, చివరకు ఎవరికీ ఏమీ తెలియకుండా పోవడం వల్లనే కష్టమంతా వస్తున్నది.

కప్పగల్లు పేరు చెబితే బయటివారికి గుట్టమీద ప్రాచీనులు చెక్కిన ఎద్దుల బొమ్మలు, రాతితో కొడితే గంటలాగా మోగే నల్లరాళ్ళు గుర్తుకు వస్తాయి. ఊళ్ళో ఉన్నవారికి గుర్తుకు వచ్చేది ఎండ. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి తాలూకా మైసూరు వైపు పోయింది. మన ఇళ్ళలో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎండా ఎక్కడికీ పోలేదు. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ ఒళ్ళు ఆరడమంటూ ఉండదు. ఈ వాతావరణాన్ని పాఠకులు మనసులో పెట్టుకోవాలి. ఎందుకంటే చల్లటి దేశాలలో అందానికి సంబంధించినదనిపించే ఈ బాధ, మన ఊళ్ళో ముందుగా చెమటకు, పుండుకు సంబంధించినది.

జొన్నరొట్టె తిని చేలో పనిచేసిన తరానికి ఊబకాయం తెలియదు. వారి పిల్లలకు, మనవళ్ళకు కూర్చుని చేసే పనులు వచ్చాయి, చక్కెరవ్యాధి వచ్చింది, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. వాటితోపాటు బరువు తగ్గించే మార్గాలూ వచ్చాయి. పొట్టను చిన్నది చేసి పేగును మళ్ళించే ఆపరేషనును 1966లో అమెరికాలోని అయోవాలో డాక్టరు మేసన్ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ జాతి ఆపరేషన్లు బెంగుళూరులోను, హైదరాబాదులోను మామూలై మన చుట్టాలలో కూడా చేయించుకున్నవారు కనిపిస్తున్నారు. వారానికొకటి చొప్పున వేసుకునే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన దేశపు మందుల దుకాణాలకు చేరాయి. ఏ మార్గాన తగ్గినా, ముప్పయి నలభై కిలోలు దిగినవారికి చర్మం సంగతి ఒకటే.

స్థూలకాయం గురించి మనవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. చరకసంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం, లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాలను పేర్కొంటూ అందులో అతిస్థూలుణ్ణి చేర్చింది. పిరుదులు, పొట్ట, స్తనాలు కదలాడుతూ ఉండడం అతని లక్షణమని చెప్పింది. అతికృశుణ్ణి కూడా ఆ ఎనిమిదిలోనే పెట్టింది. లావైనా నింద, బక్కైనా నింద. లావు నుంచి బక్కకు దిగినవారి చర్మం ఏమవుతుందో ఆ పెద్దలు చెప్పలేదు. ఆ రోజుల్లో అంత వేగంగా దిగడమన్నది బహుశః కరువుల్లో తప్ప లేదు కాబోలు.

స్తనంలో పాలగ్రంథి ఉంటుంది, దాని చుట్టూ కొవ్వు ఉంటుంది. ఈ రెంటినీ చర్మానికీ, వెనక కండరపు పొరకూ కలిపే సన్నని నారపోగులు ఉంటాయి. వాటిని 1840లో ఇంగ్లీషు సర్జను ఆస్ట్లీ కూపర్ వర్ణించాడు గనుక నేటికీ ఆయన పేరుతోనే వాటిని పిలుస్తారు. బరువు పెరిగినకొద్దీ కొవ్వు పెరిగి, చర్మమూ నారపోగులూ సాగుతాయి. ఏళ్ళ తరబడి సాగినవి కొవ్వు పోగానే వెనక్కు ముడుచుకోవు. చర్మానికి సాగి ముడుచుకునే గుణాన్నిచ్చే పోగులు తెగిపోయి ఉంటాయి. పాత రబ్బరు బ్యాండును చూసినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు. పైభాగం చదునవుతుంది, చూచుకం నేలచూపు చూస్తుంది, చంకకింద ఒక మడత వీపుదాకా పోతుంది.

నూనెలు, లేపనాలు దీనిని బాగుచేయవు. పెట్టె మీద ఎంత రంగులబొమ్మ వేసినా చేయవు. వ్యాయామం రొమ్ము వెనకనున్న కండరాన్ని గట్టిపరుస్తుంది. అది మంచిదే, కాని దానిమీద వేలాడే చర్మాన్ని పైకి లాగలేదు. ఈ ఒక్క ముక్క ముందుగా తెలిస్తే ఎందరి డబ్బో మిగిలేది.

మా ఎరుకలో ఒక ఇల్లాలున్నది. ఊరిపేరు, ఇంటిపేరు అడగవద్దు. నూటనాలుగు కిలోలుండేది, బెంగుళూరులో పొట్ట ఆపరేషను చేయించుకున్న తరువాత అరవై చిల్లరకు వచ్చింది. చక్కెర అదుపులోకి వచ్చింది, మెట్లెక్కగలుగుతున్నది. కాని ఇంట్లో కూడా కొంగు దించేది కాదు. ఒకనాడు ఈ శస్త్రచికిత్స మాట ఎత్తింది. భర్త మంచివాడే. "నాకోసమైతే ఏమీ అక్కర్లేదు, నువ్వెట్లున్నా నాకు బాగానే ఉండావు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అయితే ఆమె అడిగింది అతనికోసం కాదన్న సంగతి అతనికి తట్టలేదు. అత్తగారు మాత్రం సూటిగానే అడిగింది: "ఇద్దురు పిల్లోల్ల తల్లివి. ఇంగ యీ వయసులో నీకీ సోకేంటికి?"

"సోకు గాదత్తా," అన్నది కోడలు. "ఎండాకాలమొస్తే కింద చర్మం ఒరుసుకుపోయి నీళ్ళు కారతాది. గుడ్డ మడిచిపెట్టుకొని తిరుగుతాండా. ఎవురికి చెప్పుకోవల్ల?"

అత్తగారు ఆపూట ఏమీ అనలేదు. తరువాత దండెం మీద ఆరవేసిన మడతగుడ్డలకు మరకలు చూసింది. చూసి, "ముందే చెప్పకపోతివే" అని కసిరి, మర్నాడు తానే వెంటబెట్టుకుని బళ్ళారి ఆస్పత్రికి తీసుకుపోయింది. కసరడంలో ఎంత వాత్సల్యం ఉన్నదో మన ఇళ్ళు ఎరిగినవారికి తెలుసు.

చర్మం చర్మానికి ఒరుసుకునే చోట తడి నిలిచి బూజుజాతి క్రిములు చేరి ఎర్రబడి పగలడం ఒక వ్యాధి. డాక్టరుకు చూపిస్తే పూతమందుతో, పొడిగా ఉంచుకోవడంతో చాలామటుకు తగ్గుతుంది. ప్రతి ఎండాకాలం తిరిగి వస్తుంటే దాని మూలం మడతలోనే ఉన్నదని అర్థం. దీనితోపాటు మెడనొప్పి, రవిక పట్టీ భుజాన్ని కోయడం, పరుగెత్తలేకపోవడం. ఇక మనసులోని కష్టానికి కొలత లేదు. ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకుని గెలిచిన మనిషి, అద్దంలో తన గెలుపును చూసుకోలేకపోవడం చిన్న విషయమని మేము అనుకోము.

దీన్ని సింగారమని కొట్టిపారేసేవారికి ఒక పాతకథ మనవి చేస్తాము. 1792 నాటి యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కావస్జీ అనే మనిషి టిప్పు సుల్తాను సైనికుల చేతికి చిక్కాడు. అతని ముక్కు, ఒక చెయ్యి నరికారు. ఏడాదిపాటు ముక్కు లేకుండా తిరిగిన తరువాత, పుణె ప్రాంతంలో ఈ విద్య వంశపారంపర్యంగా ఎరిగిన ఒకాయన అతని నొసటి చర్మాన్ని తిప్పి ముక్కు కట్టాడు. 1794 అక్టోబరులో లండనులోని ఒక పత్రిక ఈ సంగతి బొమ్మతో సహా అచ్చువేసింది. దానిని చదివిన ఇంగ్లీషు సర్జను కార్ప్యూ 1814లో తానూ చేసి చూశాడు. పడమటి దేశాలలో నేటి ప్లాస్టిక్ సర్జరీకి ఊపు వచ్చిందక్కడే. ముక్కు లేకపోయినా ఊపిరి ఆడుతుంది, అన్నం దిగుతుంది. అయినా ముక్కు పెట్టించుకున్నవాణ్ణి సోకులరాయడని ఎవరూ అనలేదు. నలుగురిలో తలెత్తుకు తిరగడం కూడా ఆరోగ్యంలో భాగమేనని అప్పటివారికి తెలుసు.

ఇప్పుడు ఆపరేషను సంగతి. 1956లో అమెరికా డాక్టరు రాబర్ట్ వైజ్, స్తనానికి ఆకృతినిచ్చే ఆపరేషనుకు ముందు చర్మంమీద గీతలు గీసుకునే నమూనా ఒకటి ప్రకటించాడు. దానిని ఆయన ఎక్కడినుంచి తెచ్చాడనుకున్నారు? లోపలి బాడీలు కత్తిరించే దర్జీల నమూనాల నుంచి! చదునైన గుడ్డలో ముక్క తీసి రెండు అంచులు కలిపితే గుండ్రం వస్తుందని మన రవికలు కుట్టే ప్రతి దర్జీకి తెలుసు కదా. అదే లెక్క చర్మానికి. ఈనాటికీ అనేకమంది సర్జనులు ఆ గీతలతోనే మొదలుపెడతారు.

మత్తు ఇచ్చి, రెండు మూడు గంటలు, ఒక్కొక్కప్పుడు ఎక్కువసేపు చేస్తారు. అదనపు చర్మం తీసివేసి, లోపలి కండను పోగుచేసి పైకి కుడతారు. చూచుకాన్ని కోసి వేరుచేయరు. రక్తనాళాలున్న కండకాడ మీదనే ఉంచి పైకి జరుపుతారు. బాగా బరువు దిగినవారిలో చంకకింది మడత ఉంటుందన్నాము కదా, ఆ కండను పారవేయకుండా లోపలికి మడిచి ఖాళీ నింపే పద్ధతి ఒకటి ఉన్నది. మాకు వినడానికి ఇది పొదుపరి గృహిణి పద్ధతిలాగా తోచింది. మరికొందరికి సిలికోను సంచి పెడతారు. 1962లో అమెరికాలోని హ్యూస్టనులో మొదటిసారిగా పెట్టారు దానిని. సంచి జీవితాంతం ఉండేది కాదు, ఎప్పుడో ఒకప్పుడు తీయవలసిరావచ్చు, మార్చవలసిరావచ్చు. పైగా సాగి పలచనైన చర్మంలో బరువైన సంచి పెడితే అది మళ్ళీ కిందికి జారుతుంది. పెద్దది కావాలని పట్టుపట్టేవారు ఇది ఆలోచించాలి.

మచ్చలు మిగులుతాయి. మిగలవని చెప్పే మనిషి దగ్గరనుంచి లేచి వచ్చేయండి. చూచుకం చుట్టూ ఒకటి, అక్కడినుంచి కిందికి ఒకటి, మడత వెంబడి ఒకటి, మొత్తం పడవ లంగరు ఆకారంలో ఉంటాయి. మొదట ఎర్రగా ఉండి ఏడాది పైచిలుకుకు పాలిపోతాయి. మన వంటి చామనఛాయ వారిలో కొందరికి మచ్చ ఉబ్బి గట్టిపడే గుణం ఉంటుంది. చెవులు కుట్టించుకున్నచోట అలా లేచినవారు ముందే డాక్టరుకు చెప్పాలి. చూచుకంలో స్పర్శ తగ్గవచ్చు, ఒక్కొక్కరికి పూర్తిగా పోవచ్చు. తరువాత బిడ్డకు పాలివ్వడం కష్టం కావచ్చు గనుక, ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆగడం మంచిది. లోపల నెత్తురు చేరడం, కుట్టు విచ్చుకోవడం, చీము పట్టడం, రెండు వైపులా సమానంగా రాకపోవడం కూడా జరిగేవే. అరుదుగా చూచుకానికి రక్తం అందక అది పోవడమూ ఉన్నది.

ఆ చివరిదానికి పొగాకుతో సంబంధం ఉన్నది. పొగాకులోని నికోటిను సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. పొగతాగడం అనగానే మగవారి అలవాటని మనవారు తేలికగా తీసుకుంటారు. మన ప్రాంతంలో ఆకువక్కలో పొగాకు నమిలే స్త్రీలు ఎందరున్నారో మేము చెప్పనక్కరలేదు. డాక్టరు అడిగినప్పుడు "ఏమీ లేదండీ" అని అబద్ధం చెప్పి కత్తికింద పడుకోవడం ప్రమాదం. కనీసం నెలరోజుల ముందు మానాలి, గాయం మానేదాకా ముట్టరాదు.

ఇక ఎప్పుడు చేయించుకోవాలి? తొందర వద్దు. బరువు ఒకచోట నిలబడి ఆరునెలలైనా కావాలంటారు. పొట్ట ఆపరేషను అయినవారైతే సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. ఇంకా దిగుతుండగా చేయిస్తే మళ్ళీ జారుతుంది, తిరిగి లావైతే మళ్ళీ సాగుతుంది. పొట్ట ఆపరేషను అయినవారికి తిండి తక్కువ, ఒంటపట్టేది అంతకంటె తక్కువ. ఇనుము, మాంసకృత్తులు, బి 12 విటమిను కొరవడితే కుట్లు అతకవు. నలభై దాటినవారికి ముందుగా స్తనాల ఎక్స్‌రే తీస్తారు. గడ్డ ఏదైనా చేతికి తగిలితే ఏ వయసువారైనా సరే, అందం సంగతి పక్కన పెట్టి ముందు దాని నిజం తేల్చుకోవాలి. జారిన రొమ్మును చూపడానికి సిగ్గుపడి గడ్డను దాచుకునే తల్లులు ఉన్నారు. ఈ వ్యాసం చదివి అటువంటి ఒక్కరు కదిలినా మాకు చాలు.

మేము చెప్పిన ఇల్లాలిని చూసిన సర్జను కూడా వెంటనే కోయలేదు. రక్తం తక్కువగా ఉన్నదని, బరువు ఇంకా దిగుతున్నదని ఇనుపమందులు రాసి ఎనిమిది నెలలు ఆపాడు. ఆమెకు కోపం వచ్చింది. అటువంటి డాక్టరు దొరకడం అదృష్టమని మా అభిప్రాయం. తరువాత బెంగుళూరులో చేయించుకున్నది. ఎడమవైపు కుట్టు ఒకచోట విచ్చుకుని మూడు వారాలు కట్టు కట్టించుకోవలసివచ్చింది. ఆరువారాలు నీళ్ళబిందె ఎత్తలేదు, ఎత్తింది అత్తగారు. స్పర్శ కొంత తగ్గిందట. మచ్చలున్నాయి. కాని ఆ తరువాత వచ్చిన ఎండాకాలంలో మడతగుడ్డ పెట్టుకోలేదు. "చేయించుకుంటే మంచిదా?" అని ఎవరైనా అడిగితే ఆమె అవునని గాని కాదని గాని చెప్పదు. తనకైనది అయినట్టు చెబుతుంది, అంతే.

ఎవరిచేత చేయించుకోవాలన్నది అన్నిటికంటె ముఖ్యం. ఆరతీ అగర్వాల్‌ను మన తెలుగు ఇళ్ళలో మరిచినవారు లేరు. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చిత్రంతో వచ్చిన ఆ పిల్ల 2015 జూన్ 6న అమెరికాలో కన్నుమూసింది. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషను చేయించుకున్నదని పత్రికలు రాశాయి. 2022 మే నెలలో బెంగుళూరులో చేతనా రాజ్ అనే కన్నడ నటి, ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, కొవ్వు తీసే శస్త్రచికిత్స కోసం వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నది. ఆ రెండూ కొవ్వు తీసే ఆపరేషన్లు, మేము చెబుతున్నది వేరు. కారణాల మీద తీర్పు చెప్పడం మా పని కాదు. కాని అందం పేరుతో చేసినా కత్తి కత్తే, మత్తు మత్తే. చేసే డాక్టరుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని దానికి సమానమైన పట్టా గాని ఉన్నదా, మత్తు డాక్టరు ఎవరు, ఊపిరి ఇబ్బంది అయితే చూసే అత్యవసర విభాగం అదే కట్టడంలో ఉన్నదా అని అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే చోట చేయించుకోవద్దు. గోడమీద సినిమాతారల బొమ్మలుంటే అది పట్టా కాదు.

ముందుగా బెంగుళూరికి పరుగెత్తనక్కరలేదు. 1961లో మొదలైన బళ్ళారి ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రి మనకు దగ్గరలోనే ఉన్నది. అక్కడ సర్జనుకు చూపించి, పుండుకు మందు వేసుకుని, రక్తపరీక్షలు చేయించుకుని, ఎక్కడికి పోవాలో చీటీ రాయించుకోవచ్చు.

డబ్బు సంగతి కష్టమే. చెన్నైలో స్టాన్లీ ఆస్పత్రివారు 2018లో పేదస్త్రీలకు స్తనశస్త్రచికిత్స ఉచితంగా చేసే ఏర్పాటు ప్రకటించినప్పుడు ప్రభుత్వధనం సోకులకా అని కొందరు విమర్శించారు. బీదవారికి మాత్రం ఈ అవసరం ఎందుకు ఉండకూడదన్నది అప్పటి తమిళనాడు ఆరోగ్యమంత్రి వాదన. మేము ఆ మంత్రిగారి పక్షం. ఉన్నవారు చేయించుకుంటే చికిత్స, లేనివారు అడిగితే సోకు అనడం న్యాయంగా లేదు.

ఆరోగ్యబీమా ఉన్నవారు ఒకటి గమనించాలి. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన నిబంధనల ప్రకారం అందం కోసం చేసే శస్త్రచికిత్సకు బీమా రాకపోవచ్చు. ప్రమాదం, కాలిన గాయాలు, కాన్సరు తరువాత సరిచేసేవాటికి, వైద్యపరంగా అవసరమని డాక్టరు ధ్రువపరచినవాటికి మినహాయింపు ఉన్నది. కనుక ప్రతి ఎండాకాలం పుండు పడినప్పుడు డాక్టరుకు చూపించిన చీటీలు, వాడిన మందుల రసీదులు పారవేయకుండా ఒక సంచిలో దాచుకోండి. ఆపరేషనుకు ముందే బీమావారికి రాసి, వారి జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాటగా "వస్తుంది లెండి" అన్నదానిని నమ్మి బంగారం తాకట్టు పెట్టవద్దు.